కడప బండ మీద బిళ్ళాట: బోర్డు చేసుకోవడం, ఆడటం ఎలా

వంటగది గట్టుకి సింక్ బిగించేటప్పుడు మధ్యలోంచి కోసి తీసిన బండ ముక్క మీ బాల్కనీలోనో, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కనో పడి ఉందా? పారేయకండి. ఆ ముక్క, ఒకే రకం నాణెం బిళ్ళలు అయిదు, ఒక సుద్దముక్క ఉంటే ఇద్దరు మనుషులు సాయంత్రమంతా కూర్చుని ఆడుకునే ఆట తయారవుతుంది. హైదరాబాద్‌లో ఏ కాలనీలో ఉన్నా వీటిలో దొరకనిది ఏదీ లేదు.

ఆట పుట్టింది ఇంగ్లండ్‌లో. పేరు షవ్ హేపెనీ. షవ్ అంటే నెట్టడం, హేపెనీ అంటే అర పెన్నీ నాణెం. పలకరాయి మీదో నున్నటి చెక్క మీదో అడ్డగీతలు గీసి, చేత్తో నాణేన్ని నెట్టి గీతల మధ్య ఆపాలి. దీని పాత రూపాన్ని షవ్ గ్రోట్ అనేవారు, గ్రోట్ కూడా అక్కడి పాత నాణెమే. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541లో, జనం విలువిద్య సాధన మానేసి ఇలాంటి ఆటల్లో పడిపోతున్నారని చట్టం చేసి మరీ నిషేధించారు. అయినా ఆట బతికింది, ఇప్పటికీ అక్కడి పబ్బుల్లో ఆడుతున్నారు. ఉద్యోగం కోసం రెండేళ్ళు అక్కడ ఉన్నప్పుడు నేర్చుకున్నాను. తిరిగొచ్చాక మల్కాజిగిరిలో మా ఇంట్లో మొదలుపెడితే మా నాన్నగారికి, పక్క ఫ్లాట్ల పిల్లలకీ అలవాటైపోయింది. మేం దీన్ని బిళ్ళాట అంటాం.

బండ

నా ఓటు కడప బండకే. నల్లగా ఉంటుంది కాబట్టి సుద్ద గీత బాగా కనపడుతుంది. సున్నపురాయి జాతిది కాబట్టి పదునైన మేకుతో గీస్తే గీత పడుతుంది. గ్రానైట్ మీద మేకు నిలవదు, అది మేకు కంటే గట్టిది. మీ దగ్గర ఉన్నది గ్రానైట్ ముక్కే అయితే ఆడిన ప్రతిసారీ సుద్దతో గీసుకోవాలి, అంతే తేడా. తాండూరు బండ పాలిష్ పెట్టినదైతే పనికొస్తుంది, కానీ లేత రంగు మీద సుద్ద కనపడదు కాబట్టి పెన్సిల్ వాడండి. షాబాద్ బండ వద్దు. వాకిట్లో పరచడానికి మంచిదే గాని దాని గరుకు మీద బిళ్ళ నడవదు.

ఇంట్లో ముక్క లేకపోతే దగ్గర్లోని బండల షాపుకి వెళ్ళి మిగులు ముక్కలు చూపించమని అడగండి. 60 సెంటీమీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం సరిపోతుంది. ఈ కొలతకి బరువు సుమారు 12 కిలోలు ఉంటుంది. స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చేద్దాం అనుకోకండి, ఆటోలో తెచ్చుకోండి.

షాపులో రెండు మాటలు తప్పకుండా చెప్పాలి. మొదటిది, 38 సెంటీమీటర్ల అంచుల్లో ఒకదాన్ని గుండ్రంగా రుద్దించండి. అరచెయ్యి తగిలేది అక్కడే, పదునుగా ఉంటే పది దెబ్బలకే చర్మం కందిపోతుంది. రెండోది, పైన మైనం పాలిష్ వద్దనండి. నేను మొదటిసారి ఈ మాట చెప్పలేదు. ఒక షాపులో మెరుపు కోసమని మైనం దట్టంగా పట్టించి ఇచ్చారు. చూడటానికి అద్దంలా ఉంది గాని బిళ్ళ జానెడు దూరం వెళ్ళి ఆగిపోయేది. గోరువెచ్చని సబ్బునీళ్ళతో మూడు రోజులు కడిగి, ఆరబెట్టి, రుద్దితే గాని దారికి రాలేదు. ఈ కడిగే పనికి నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ లాంటి పులుపు మాత్రం వాడొద్దు. సున్నపురాయిని పులుపు తినేస్తుంది, ఆ తెల్ల మచ్చ మళ్ళీ పోదు.

ఇంటికి తెచ్చాక గుండ్రటి అంచు కింద, అడుగు వైపు, ఒక చెక్క పట్టీని అరాల్డైట్‌తో అతికించండి. బండని బల్ల మీద పెట్టినప్పుడు ఈ పట్టీ బల్ల అంచుకి కిందుగా వేలాడి ఆనుకోవాలి. చేత్తో కొట్టినప్పుడు బండ వెనక్కి జరగకుండా పట్టి ఉంచేది ఇదే. జిగురు ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. బండ కింద పాత యోగా మ్యాట్ ముక్క ఒకటి పరిస్తే బల్లకి గీతలు పడవు, చప్పుడూ తగ్గుతుంది. ఇది అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ముఖ్యం.

తర్వాత మట్టం చూడండి. మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటే సరే, లేకపోతే ఒక గోలీ చాలు. బండ మధ్యలో గోలీ పెట్టి వదలండి. ఎటు దొర్లితే అటు వైపు కింద అట్టముక్క మడిచి పెట్టండి. గోలీ కదలకుండా నిలిచేదాకా ఈ పని చేయండి. ఒక పక్కకి వాలిన బండ మీద ఎంత సాధన చేసినా అది ఆ బండకే పనికొస్తుంది, మీ చేతికి పట్టుబడదు.

గీతలు

గుండ్రటి అంచు మీ వైపు ఉండాలి. అక్కడి నుంచి 12 సెంటీమీటర్లు వదిలి మొదటి అడ్డగీత గీయండి. తర్వాత ప్రతి 3.2 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున మొత్తం పది గీతలు. అంటే చివరి గీత మీ అంచుకి 40.8 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. పది గీతల మధ్య తొమ్మిది గళ్ళు ఏర్పడతాయి. కుడి ఎడమల అంచుల నుంచి 4 సెంటీమీటర్లు లోపలికి రెండు నిలువు గీతలు గీయండి. ఆ రెండు పక్క పట్టీలూ లెక్క రాసుకోవడానికి, కుడిది ఒకరిది, ఎడమది ఇంకొకరిది.

స్టీలు స్కేలు గట్టిగా పట్టుకుని మేకుతో రెండు మూడుసార్లు తేలిగ్గా గీయండి, ఒక్కసారే అదిమి గీయొద్దు. గీత లోతుగా పడితే బిళ్ళ అంచు అందులో తట్టుకుని దారి మారుతుంది. వేలు పెట్టి రాస్తే తెలిసీ తెలియనట్టు ఉండాలి, అంతే. పైన కాస్త ముగ్గుపిండి చల్లి గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రం తెలుపు నిలిచిపోతుంది.

బిళ్ళలు

ఇంగ్లండ్‌లో వాడే పాత అర పెన్నీ దాదాపు ఒక అంగుళం వ్యాసం, అంటే 25 మిల్లీమీటర్ల పైచిలుకు. 1969లో దాని చెలామణి ఆగిపోయినా ఈ ఆట కోసం జనం దాచుకున్నారు. మన దగ్గర సరిగ్గా ఆ కొలతకి వచ్చే బిళ్ళలు మూడు రకాలున్నాయి. 2011 నుంచి వచ్చిన, రూపాయి గుర్తు ఉన్న రెండు రూపాయల బిళ్ళ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 1992 తర్వాత వచ్చిన పాత స్టీలు రూపాయి బిళ్ళదీ అదే కొలత, అదే బరువు. 2019 నుంచి వస్తున్న, గింజల కంకుల బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ కూడా 25 మిల్లీమీటర్లే, బరువు మాత్రం 6.74 గ్రాములు. అదే 2019 వరసలోని రెండు రూపాయల బిళ్ళ 23 మిల్లీమీటర్లకి తగ్గింది, దాన్ని కలపకండి.

నేను అయిదు రూపాయల బిళ్ళలతోనే ఆడతాను. బరువు ఉంది కాబట్టి చేతికి తెలుస్తుంది. మీరు ఏవి ఎంచుకున్నా అయిదూ ఒకే రకం ఉండాలి. బరువులు కలిస్తే ఒకదాన్ని ఇంకోటి తగిలినప్పుడు ఎంత దూరం పోతుందో అంచనా కుదరదు. అయిదింటినీ బల్ల మీద పేర్చి, అంచులు చేత్తో తడిమి చూడండి. సొట్ట ఉన్నది, వంగినది, అంచు మీద నిక్కు లేచినది తీసేయండి.

ఇంగ్లండ్‌లో నాణెం ఒక వైపు బొమ్మ అరిగిపోయేదాకా రుద్ది నున్నగా చేసుకోవడం ఉంది. మనం ఆ పని చేయకూడదు. చెలామణిలో ఉన్న నాణేలని కరిగించడం, పాడుచేయడం 2011 నాణేల చట్టం కింద నేరం. ఆకురాయి పట్టుకోకండి. ఆడగా ఆడగా అదే నునుపెక్కుతుంది, కొన్ని నెలల్లోనే తేడా తెలుస్తుంది.

బిళ్ళలు ఏరేటప్పుడు మా ఇంట్లో పిల్లలకి ఒక పని అప్పజెప్తాను. సంవత్సరం అంకె కింద చూడమంటాను. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో అచ్చయిన బిళ్ళ. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ గుర్తు ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. సెక్రటేరియట్ దగ్గర మింట్ కాంపౌండ్ అని మనం అడ్రసు చెప్పుకునే చోటికి ఆ పేరు ఊరికే రాలేదు. సైఫాబాద్‌లో 1903లో పెట్టిన టంకశాల అక్కడే ఉంది. 1997లో అచ్చువేసే పని చర్లపల్లికి మారింది, 2022లో పాత భవనంలో నాణేల మ్యూజియం తెరిచారు. మా అయిదు బిళ్ళలూ నక్షత్రం గుర్తువే. వాటిని పోగుచెయ్యడానికి వారం పట్టింది. కిరాణా కొట్టు, పాల బూత్, బస్సు కండక్టర్, ఎవరు చిల్లర ఇచ్చినా తిప్పి చూసేవాళ్ళం.

ఆట

ఇద్దరు ఆడాలి. ఒకరి వంతులో అయిదు బిళ్ళలూ ఒకదాని తర్వాత ఒకటి నెట్టాలి. బిళ్ళని గుండ్రటి అంచు మీద మూడో వంతు బయటికి ఉండేలా పెట్టి చేత్తో కొట్టాలి. అయిదూ అయ్యాక లెక్క చూడాలి. ఏ గీతకీ తగలకుండా పూర్తిగా గడి లోపల ఉన్న బిళ్ళకే ఒక గుర్తు. తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు, గీత మీద పడితే లెక్కలోకి రాదు.

మీ పక్క పట్టీలో ఆ గడి ఎదురుగా సుద్దతో ఒక గీత పెట్టుకోండి. తొమ్మిది గళ్ళలోనూ మూడేసి గుర్తులు, అంటే మొత్తం 27, ముందు ఎవరు నింపితే వాళ్ళు గెలిచినట్టు. ఏ వరసలోనైనా నింపుకోవచ్చు.

ఒక గడిలో మీకు మూడూ నిండాక మళ్ళీ మీ బిళ్ళ అందులోనే పడితే ఆ గుర్తు ఎదుటివాళ్ళకి పోతుంది, వాళ్ళకి ఆ గడిలో ఖాళీ ఉంటే. ఈ ఆటకి ప్రాణం ఈ ఒక్క నియమమే. గురి తప్పితే నష్టపోవడమే కాదు, ఎదుటివాళ్ళకి పెట్టిపోస్తారు. అయితే గెలుపు తెచ్చే ఆఖరి గుర్తు మాత్రం ఇలా దానంగా రాదు, ఎవరికి వాళ్ళు సొంతంగా కొట్టి తెచ్చుకోవాలి.

మొదటి గీతని కూడా అందుకోని బిళ్ళని వెనక్కి తీసుకుని మళ్ళీ కొట్టొచ్చు. చివరి గీత దాటిపోయినా, పక్క పట్టీలోకి వెళ్ళినా ఆ వంతుకి అది చచ్చినట్టే. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే రెండూ లెక్కలోకి రావని మేం పెట్టుకున్నాం. మీరు మరోలా అనుకున్నా ఫరవాలేదు, ఆట మొదలుపెట్టే ముందే అనుకోండి.

తగిలిందా లేదా అన్న దగ్గరే గొడవలన్నీ వస్తాయి. "తాతా, అది గీతకి తగిలింది!" అని పిల్లలు, "తగల్లేదురా, సరిగ్గా చూడు" అని మా నాన్నగారు. పై నుంచి చూస్తే ఎప్పుడూ తేలదు. ఫోన్ టార్చి వేసి బండకి సమానంగా పడుకోబెట్టి చూడండి, బిళ్ళకీ గీతకీ మధ్య వెలుగు కనపడితే గుర్తు ఇవ్వాలి. అప్పటికీ తేలకపోతే కొట్టినవాళ్ళకి కాకుండా ఎదుటివాళ్ళకి అనుకూలంగా తీర్పు చెప్పండి. అయిదు బిళ్ళలూ అయ్యేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు.

చెయ్యి

క్యారమ్స్ ఆడి వచ్చినవాళ్ళు మొదటి రోజు చూపుడు వేలితో టక్కున కొడతారు. బిళ్ళ బండ దాటి కింద పడుతుంది. క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాముల దాకా ఉంటుంది, మన బిళ్ళ అందులో సగం కూడా లేదు. పైగా వేలి కొసతో కొడితే బిళ్ళ తిరుగుతూ పోతుంది, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

ఇలా చేయండి. అరచేతిని నిలువుగా, బొటనవేలు పైకి ఉండేలా పెట్టండి. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ బిళ్ళ అంచుకి ఎదురుగా రావాలి. మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా ఉంచి, మణికట్టు బిగించకుండా, చెయ్యి మొత్తాన్ని కొద్దిగా వెనక్కి తీసి ముందుకి తేండి. చేతి అడుగు భాగం బండ అంచుకి తగిలి ఆగుతుంది, బిళ్ళ ముందుకి పోతుంది. చెయ్యి ఎప్పుడూ ఒకే చోట ఆగడమే ఇందులో కిటుకు. మా నాన్నగారికి చేతి వేళ్ళు కాస్త వణుకుతాయి, క్యారమ్స్ మానేసి చాలా ఏళ్ళయింది. ఈ దెబ్బలో వేళ్ళతో పనిలేదు కాబట్టి ఆయన నాకంటే నిలకడగా ఆడతారు.

బలం గురించి ఒక లెక్క చెప్తాను, ఇది అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. రాపిడి మీద ఆగే వస్తువు వెళ్ళే దూరం దాని వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. మన బండ మీద తొమ్మిదో గడి దూరం మొదటి గడి దూరానికి దాదాపు మూడు రెట్లు ఉన్నా, దానికి కావలసిన వేగం 1.7 రెట్లు మాత్రమే. ఇంకా దగ్గరగా చూస్తే మొదటి గడికీ రెండో గడికీ వేగంలో నూటికి పదకొండు పాళ్ళ తేడా ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య తేడా నాలుగు పాళ్ళే. అంటే దూరం పెరిగేకొద్దీ చేతికి దొరికే సందు సన్నబడిపోతుంది.

అందుకే దూరపు గళ్ళని మొదట్లోనే పట్టుకోండి. కొత్తవాళ్ళు సులువుగా ఉందని ఒకటి, రెండు, మూడు గళ్ళు ముందు నింపేసి, చివరికి ఎనిమిది తొమ్మిదితో మిగిలిపోతారు. అప్పుడు పొట్టిగా పడిన ప్రతి దెబ్బా నిండిపోయిన గడిలో పడి ఎదుటివాళ్ళకి పోతుంది. అదే దూరం గళ్ళకి కొట్టే అలవాటు ముందే ఉంటే, పొట్టిగా పడినా ఆరులోనో ఏడులోనో మీకే ఒక గుర్తు వస్తుంది.

మొదటి వారం ఎదుటి మనిషి లేకుండానే రోజూ పావుగంట చేయండి. అయిదు బిళ్ళలూ అయిదో గడికే కొట్టండి, వేరే గడి వైపు చూడకండి. అయిదింటిలో రెండు పడటం మొదలయ్యాక ఏడో గడికి మారండి. ఆ తర్వాతే ఒక్కో బిళ్ళని ఒక్కో గడికి వేయడం ప్రయత్నించండి.

చెయ్యి కుదిరాక నేర్చుకోవాల్సింది తగిలించడం. ఒకే బరువున్న రెండు బిళ్ళలు నేరుగా ఢీకొంటే, వచ్చినది దాదాపు అక్కడే ఆగుతుంది, ఉన్నది ముందుకి పోతుంది. గీత మీద ఆగిన బిళ్ళని వృథా అనుకోకండి. తర్వాతి బిళ్ళతో వెనక నుంచి సున్నితంగా తడితే అది పై గడిలోకి సర్దుకుంటుంది, కొట్టిన బిళ్ళ కింది గడిలో నిలుస్తుంది. ఒక్క దెబ్బకి రెండు గుర్తులు. మంచి ఆటగాళ్ళు మొదటి బిళ్ళని కావాలనే కాస్త పొట్టిగా, మధ్యగా వేసి ఉంచుతారు. పక్కగా తగిలితే మాత్రం రెండూ చెరో వైపు పోతాయి కాబట్టి, ఎదురుగా నేరుగా ఉన్నప్పుడే ప్రయత్నించండి.

బండ సంరక్షణ

వానాకాలంలో బండ మీద కంటికి కనపడని చెమ్మ పడుతుంది, బిళ్ళలు అతుక్కున్నట్టు నడుస్తాయి. ఆడే ముందు పొడి నూలు గుడ్డతో రుద్ది, చిటికెడు టాల్కమ్ పౌడర్ చల్లి మళ్ళీ తుడిచేయండి. పౌడర్ కనపడకూడదు. క్యారమ్ బోర్డు బోరిక్ పౌడర్ కూడా పనిచేస్తుంది గాని, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో వద్దు, కడుపులోకి పోతే హాని. బిళ్ళలు కూడా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అందకుండా చూడండి. బిస్కెట్లు, మిక్చర్ బల్లకి దూరంగా పెట్టండి, ఒక్క పలుకు చాలు బిళ్ళ దారి మారడానికి.

ఆట అయ్యాక పక్క పట్టీల మీద సుద్ద తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. బండని గోడకి నిలబెట్టి దాచేటట్టయితే గుండ్రటి అంచు పైకి ఉండాలి, కింద పాత చాప ముక్క వేయండి. ఆ అంచు పెచ్చు లేస్తే మళ్ళీ షాపుకి మోసుకెళ్ళాల్సిందే. అయిదు బిళ్ళల్నీ ఒక చిన్న డబ్బాలో వేసి మూత పెట్టండి. బల్ల మీద వదిలేస్తే పొద్దున్నే ఎవరో ఒకరు కొత్తిమీర కట్టకి ఇచ్చేస్తారు, మా ఇంట్లో రెండుసార్లు అలాగే జరిగింది.